అలర్జీ గడి గారికి సిస్టర్ల అర్జీ

కేస్ షీట్ మొదటి పేజీలో, పేషెంటుకు పడని మందుల పేర్లు రాసుకుని ఎర్ర సిరాతో వెలిగిపోయే అలర్జీ గడి గారికి, వరంగల్ వార్డుల సిస్టర్లు నమస్కరించి రాయునది.

మీ దొడ్డ మనసుకు దండం. గుమ్మం తొక్కిన ఏ మందునూ కాదనరు. డైక్లోఫెనాక్‌తో కడుపుల మంటా? రండి. ట్రమడాల్‌కు వాంతులా? కూర్చోండి. ఆగ్మెంటిన్‌కు మోషన్లు, రామిప్రిల్‌కు పొడిదగ్గు, మెట్రోనిడజోల్‌కు నోరు చేదు... అందరికీ పీటలే. ఇవి సైడ్ ఎఫెక్టులే గానీ అలర్జీలు కావని చూడరు. వాంకోమైసిన్ గ్రాము మందును గంటసేపటికి తగ్గకుండా మెల్లగా ఎక్కించాలి. ఇరవై నిమిషాల్లో వదిలేస్తే మెడా మొహం ఎర్రబడ్డాయి. డ్రిప్ స్పీడు అడగకుండానే మందును దోషిని చేశారు.

ఈ గుంపులోనే ఒకాయన ఉన్నాడు. పెన్సిలిన్ సూది పడ్డ పది నిమిషాలకు దద్దుర్లు లేచి, పెదవులు వాచి, దమ్మాడక, బీపీ పడిపోతే తొడ కండలోకి 0.5 మి.గ్రా. అడ్రినలిన్ ఇచ్చాక బతికినాయన. ఆయనా, గ్యాస్ పట్టినాయనా మీకు ఒకే వరుస!

పెన్సిలిన్ అలర్జీ అని రాసున్నవాళ్లను సరిగ్గా పరీక్షిస్తే నూటికి 90 మందికి పైగా లేదనే తేలుతుంది. మీరు రాశారు గనక చవకైన అమాక్సిసిలిన్ మానేసి, ఖరీదైన పెద్ద మందులు ఎక్కుతాయి. డిశ్చార్జి కాగితం పట్టుకుని మీ మాట నర్సంపేటకో భూపాలపల్లికో పోయి అక్కడి చీటీలో మళ్లీ పుడుతుంది.

మేమడిగేది ఇంతే: "అమ్మా, గా మందేసుకున్నంక ఏమైంది? ఎంతసేపటికి? దద్దుర్లు లేచినయా, దమ్మొచ్చిందా? దవాఖానల చేర్చిన్రా? మళ్ల ఎప్పుడన్న అదే మందు వాడినవా?" చివరి ప్రశ్నకు "వాడిన, ఏం కాలే" అంటే సగం అనుమానం అక్కడే తీరుతుంది.

అట్లని ఆలస్యంగా వచ్చిందల్లా సైడ్ ఎఫెక్టనీ తోసేయకండి. ఫిట్స్‌కిచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఇంకా సల్ఫా మందులు మొదలైన వారాలకు నోట్లో పుండ్లు, చర్మం పొక్కి ఊడటం వస్తే అది పెద్ద అక్షరాలతో ఉండాల్సిందే.

డాక్టరు చూసి కొట్టేసేదాకా పాత రాతను మేం ముట్టం, బెంగ వద్దు. ఇకమీదట వట్టి పేరుతో వచ్చిన మందును నిలబెట్టి, ఏమైందో, ఎంతసేపటికో, ఏ సంవత్సరమో రాయించుకోండి. మంటలు, వాంతులను పక్కన గీసిన సైడ్ ఎఫెక్ట్ గడికి పంపండి. 'ఎర్రగోలీ పడదు' అని మాత్రం రాసుకోవద్దు. అసలు పేరు కోసం పాత చీటీ తెమ్మని ఇంటికి ఫోన్ చేయిస్తున్నాం.

ఇట్లు,
నైట్ డ్యూటీ సిస్టర్లు