పల్లెవెలుగు బండ, సూపర్ లగ్జరీ పలక

మా మిర్యాలగూడకు లగ్జరీ అన్న మాట ఆర్టీసీ బస్సెక్కి వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, డీలక్స్, సూపర్ లగ్జరీ. ఎవరు ఏ బస్సు దిగారో చూసి మనిషి హోదా చెప్పేవాళ్లం. ఈ తరతమ భేదాలు నేలకు కూడా ఉండాలని ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదు. పేడతో అలికిన పల్లెవెలుగు మీద పుట్టి, షాబాదు బండ ఎక్స్‌ప్రెస్ మీద పెరిగి, గ్రానైట్ డీలక్స్ దగ్గర ఆగిపోయాం. ఆ లోటు తీర్చడానికే లగ్జరీ వినైల్ టైల్ అనే ప్లాస్టిక్ నేల పలక అవతరించిందని పాఠకులకు మనవి.

మా ఇంటికి దాని కబురు మోసుకొచ్చినవాడు హైదరాబాద్ బామ్మర్ది. మా నాయన వేయించిన షాబాదు బండల వంక చూసి, "ఇంకా ఇవేనా బావా?" అన్నాడు. ఆ బండలు చేసిన తప్పేమీ లేదు. నలభై ఏళ్లు తొక్కించుకున్నా నోరెత్తలేదు, అంతే. సాయంత్రానికి షోరూమ్‌లో ఉన్నాం.

అక్కడి పిల్లగాడు ఒక పలక తెచ్చి చేతిలో పెట్టాడు. చూస్తే టేకు చెక్కే. గీతలున్నాయి, ముడి ఉంది, తడిమితే గరుకు కూడా తగిలింది. వేలితో కొడితే మాత్రం బిస్కెట్ డబ్బా మూతలా టక్కుమంది. అంచు చూపించి పొరలు విప్పి చెప్పాడు. అడుగున మెత్తటి పొర, దాని మీద గట్టి పొర, ఆ పైన టేకు ఫోటో, ఫోటో అరిగిపోకుండా గాజులాంటి పొర. అంటే రేపటి నుంచి మేము నడిచేది చెక్క మీద కాదు, చెక్క ఫోటోకు చేయించిన లామినేషన్ మీద. పెళ్లి ఫోటోకు లామినేషన్ చేయించి గోడకు తగిలించే జాతి మనది, నేల మీద పరచాలని ఇంతకాలం ఎలా తట్టలేదో.

"పై పొర ఇరవై మిల్ సార్, హెవీ" అన్నాడు. మిర్యాలగూడ వాడికి మిల్లంటే రైస్ మిల్లే. ఇరవై మిల్లులున్నవాడు మామూలు ఆసామి కాడు. తీరా లెక్క తీస్తే ఈ మిల్ మిల్లీమీటరు కూడా కాదు, అంగుళంలో వెయ్యో వంతు. ఇరవై కలిస్తే అర మిల్లీమీటరు. ఇళ్లకైతే 12 మిల్, అంటే 0.3 మిల్లీమీటరు సరిపోతుందంటారు. పలక ఎంత లావున్నా, మన్నేదీ పోయేదీ ఈ పై పొరను బట్టే.

"మధ్యలో గట్టిది ఏంటిది?"

"ఎస్‌పీసీ సార్. స్టోన్ ఉంటది లోపల."

"ఏం స్టోన్?"

"సున్నపురాయి సార్. పొడి కొట్టి పీవీసీల కలుపుతరు."

ఇక్కడ కాసేపు కూర్చోవలసి వచ్చింది. మా ఊరు దాటి వాడపల్లి వైపు వెళ్తే సున్నపురాయి మీదే సిమెంటు ఫ్యాక్టరీలు బతుకుతున్నాయి. మా హాల్లో ఉన్న షాబాదు బండ కూడా సున్నపురాయే, కాకపోతే దేవుడు దాన్ని పొడి కొట్టకుండా ఇచ్చాడు. ఆ పొరపాటును మనం సరిదిద్దుతున్నాం. రాయిని పొడి చేసి, పొడిని ప్లాస్టిక్‌లో కలిపి మళ్లీ పలక చేసి, పలక మీద టేకు బొమ్మ అద్ది, తీసుకొచ్చి రాయి మీదే పరుస్తున్నాం. పైగా వారంటీ కార్డు ఇస్తారు. నల్లగొండ పక్కన పానగల్‌లో, కందూరు చోడ రాజుల నాటి ఛాయా సోమేశ్వరాలయంలో జనం వందల ఏళ్లుగా రాతి మీద నడుస్తున్నారు. స్టాంపు కొట్టిన కార్డు లేకుండా అంత సాహసం ఎలా చేశారో మరి.

డబ్బాలు వచ్చాక రెండు రోజులు గదిలో ఊరికే ఉంచాలన్నారు. ఇంటి వేడికి అలవాటు పడాలట. "నేను కోడలుగ వచ్చిన తెల్లారే వడ్లు దంచిన" అంది అమ్మ, డబ్బాల వంక చూస్తూ.

పరిచే పని మాత్రం ముచ్చటగా జరిగింది, కాదనను. బండలు పగలగొట్టలేదు, సిమెంటు కలపలేదు. ఎగుడుదిగుళ్లు సరిచేసి, ఒక పలక అంచును ఇంకోదాని గాడిలో దూర్చి వంచితే టక్కున పడింది. వేడికి సాగితే చోటుండాలని గోడల వెంట సన్నటి సందు వదిలారు. ఒక్క రోజులో రెండు గదులు.

ఆ సాయంత్రమే చట్టాలు అమల్లోకి వచ్చాయి. శుక్రవారం బకెట్లతో ఇల్లు కడగడం రద్దు. పలక తడిస్తే ఏమీ కాదు గానీ అంచుల్లోంచి కిందికి దిగిన నీళ్లు ఆరక వాసనొస్తుందట. నేల మీద కొబ్బరికాయ కొట్టరాదు. బీరువా ఈడ్వరాదు. రబ్బరు పట్టా వేస్తే పసుపు రంగు మరక పడుతుంది, రుద్దినా పోదు. కిటికీలోంచి ఎండ నేరుగా పడితే రంగు వెలుస్తుంది, పలక ఉబ్బుతుంది. నల్లగొండ జిల్లాలో ఎండను ఆపడం కలెక్టర్ చేతిలో కూడా లేదు. కాబట్టి పరదాలు కొన్నాం.

అన్నిటికన్నా గొప్ప సుగుణం, పొద్దున్నే అడుగు పెడితే కాళ్లకు చల్లగా తగలకపోవడం. మంచు పడే దేశాల్లో అది వరమే. మే నెలలో మధ్యాహ్నం ఉత్త బండకు వీపు ఆనించడం కోసమే ఎదురుచూసే మా అమ్మ, హాల్లో అటూ ఇటూ పొర్లి, కప్పు వంక చూడాల్సింది పోయి నేలనే పరీక్షగా చూసింది.

"ఈ చెట్టుకు ఒక్కటే ముడి ఉన్నదా బిడ్డా? గుమ్మం కాడ అదే, టీవీ కింద అదే, నా తలకాడ అదే."

నిజమే. అచ్చు కాబట్టి అదే బొమ్మ మళ్లీ మళ్లీ వస్తుంది. నాలుగైదు డబ్బాల్లోవి కలిపి పరిస్తే అంతగా కనబడదట, ఆ సంగతి తర్వాత తెలిసింది. అమ్మ దిండు తీసుకుని, పలకలు చాలక పాత బండలే మిగిలిన బియ్యం బస్తాల గదిలోకి వెళ్లిపోయింది. మర్నాడు కరెంటు పోయింది. ముందు పిల్లలు వెళ్లారు, తర్వాత మా ఆవిడ, ఆ వెనక సెలవులకొచ్చిన బామ్మర్ది. నాకు గడప దగ్గర కాస్త చోటు దొరికింది.

మిగిలిపోయిన ఒకే ఒక్క పలక పెరట్లో కనిపించింది, నీళ్ల గోలెం మీద మూతగా. ఇదేంటమ్మా అంటే, "నీళ్లు తాకినా ఏం కాదన్నరు గద" అంది.