నడుం నొప్పికి ఆపరేషనా? ఎమ్మారై కన్నా ముందు కాలు చూడాలి

మన శ్రీకాకుళం వైపు నడుం పట్టేసిందంటే ముందు ఊళ్లోనే ఒక ఇంజెక్షన్, తగ్గకపోతే టౌన్‌కెళ్లి ఎమ్మారై, ఆ రిపోర్ట్‌లో ఎల్4-ఎల్5 (నడుం కింది భాగంలోని రెండు పూసలు) దగ్గర డిస్క్ బల్జ్, అంటే పూసల మధ్య మెత్త బయటికి ఉబ్బింది అని ఉందనగానే ఇంటిల్లిపాదీ కూర్చుని వైజాగ్‌లో ఆపరేషన్‌కి డబ్బులు ఎక్కడ తేవాలా అని మాట్లాడేసుకుంటారు. ఆ కాగితం ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఏ నొప్పీ లేనోళ్ల స్కాన్‌ల మీద వచ్చిన స్టడీలన్నీ కలిపి 2015లో లెక్కేస్తే, 20 ఏళ్ల వాళ్లలోనే 30 శాతం మందికి, 50 ఏళ్ల వాళ్లలో 60 శాతం మందికి ఈ బల్జ్ ఉందని తేలింది.

అసలు నొప్పి ఎక్కడుంది అన్నది ముఖ్యం. నడుంలోనే ఉండి కాల్లోకి దిగకపోతే ఆపరేషన్‌తో బాగుపడేది చాలా తక్కువ, ఎక్కువ మందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, మంచం మీదే పడుకోకుండా మెల్లగా నడుస్తుంటే ఇంకా మంచిది. పిరుదు నుంచి పిక్క దాటి పాదం దాకా లాగుతుంటే మాత్రం అది నరం నొక్కుకోవడం, సయాటికా అంటారు, ఆపరేషన్ మాట అక్కడ వస్తుంది. అక్కడా వెంటనే అవసరం పడేది కొందరికే. నెదర్లాండ్స్‌లో సయాటికా పేషెంట్లని రెండు గ్రూపులు చేసి ఒకరికి త్వరగా ఆపరేషన్ చేశారు, ఇంకొకరిని ఆగి చూడమన్నారు, 2007లో రిజల్ట్స్ వచ్చాయి. ఏడాది తిరిగేసరికి రెండు గ్రూపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆపరేషన్ వాళ్లకి నొప్పి తొందరగా పోయింది, అది నిజం, ఆగినవాళ్లలో కూడా 39 శాతం మంది ఏడాదిలోపే ఆపరేషన్‌కి వెళ్లారు, మిగతావాళ్లకి కత్తి అవసరమే పడలేదు.

కూలికెళ్తేనే పొయ్యి వెలిగే ఇంట్లో ఇన్ని వారాలు ఎలా ఆగుతారు అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆపరేషన్ అయ్యాక కూడా మర్నాడే బస్తా మొయ్యనివ్వరు కదా, కొన్ని వారాలు బరువులు ఎత్తొద్దంటారు, ఆ కూలి నష్టం కూడా లెక్కలో వేసుకుని డాక్టర్ని అడగాలి.

ఆగకూడని కేసులు వేరు. మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలీకుండా పోతుండటం, కూర్చునే చోట స్పర్శ లేకపోవడం, పాదం పైకి లేవక చెప్పు జారిపోతుండటం, వీటిలో ఏది కనపడినా రేపు చూద్దాం అనుకోకుండా ఆరోజే వైజాగ్ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి పోవాలి, ఆలస్యమైతే ఆ నష్టం జీవితాంతం ఉండిపోవచ్చు. నడుం నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నుపూస టీబీ ఏమో టెస్ట్ చేయించాలి, దానికి ఎక్కువగా మందులే వైద్యం.

ఆగి చూసేవాళ్ల విషయంలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఆపరేషన్ కాదు, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే నొప్పి బిళ్లలు. డైక్లోఫెనాక్ లాంటివి రోజూ వేసుకుంటే కిడ్నీల మీద పడతాయి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, మొత్తం ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో మనకి తెలుసు, అక్కడ నడుం నొప్పికి బిళ్ల రాసే ముందు క్రియాటినిన్ టెస్ట్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) చెయ్యాల్సిందే, డాక్టర్ రాయకపోతే మీరే అడగండి.