చోకు మార్పిడిపై ఉపసంఘం

విజయనగరంలోని ఒక ఆటిజం సహాయ సంస్థలో, పిల్లలకు థెరపీ చేసే గదిలోని ట్యూబ్‌లైటుకు చోకు మార్చాలా వద్దా అన్న విషయాన్ని అధ్యయనం చేయడానికి ముగ్గురు సభ్యులతో ఒక ఉపసంఘం ఏర్పాటైందని పాఠకులకు సవినయంగా తెలియజేస్తున్నాను. సంస్థ పేరు చెప్పను. చెప్పవలసిన అవసరమూ లేదు. శ్రీకాకుళం నుంచి సాలూరు దాకా ఏ సేవాసంస్థ గుమ్మం తొక్కినా ఈ పాలకవర్గమే, ఈ శాలువాలే, ఈ గ్రూపు ఫొటోయే ఎదురవుతాయని మీకూ తెలుసు.

పాలకవర్గంలో పదకొండుగురు ఉన్నారు. పదకొండుగురూ నయాపైసా ఆశించని స్వచ్ఛంద సేవకులు. ఈ సంగతిని మనం ముందే ఒప్పేసుకోవడం మంచిది, ఎందుకంటే ఏ ప్రశ్న వేసినా వారి తొలి జవాబు అదే. థెరపిస్టు జీతం నెలనెలా ఎందుకు ఆలస్యమవుతోందని అడిగితే "మేమేమైనా జీతాలు తీసుకుంటున్నామా?" అంటారు. వైకల్యాలున్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకం కింద ఒక్కో బిడ్డకు లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది కదా, ఆ దరఖాస్తులు ఇంకా బీరువాలోనే ఎందుకున్నాయని అడిగితే "సొంత పనులు మానుకుని వచ్చి సంతకాలు పెడుతున్నాం" అంటారు. పనులు మానుకోవడం వరకు నిజమే గాని, సంతకాలు పెట్టడం మాత్రం ఇంకా మొదలు కాలేదు.

సభ్యుల్లో ఒక విశ్రాంత అధికారి, ఒక రైసుమిల్లు యజమాని, ఒక ఆడిటరు, ప్లాట్లు వేసి అమ్మే పెద్దమనిషి ఒకరు, ఏదో ఒక క్లబ్బుకు మాజీ అధ్యక్షులు నలుగురు ఉన్నారు. మిగిలినవారు వీరి వియ్యంకులు. ఆటిజం ఉన్న బిడ్డను పెంచుతున్నవారు మాత్రం ఒక్కరూ లేరు. ఇది చూసుకోక జరిగినది కాదు. తల్లిదండ్రులను పాలకవర్గంలోకి తీసుకుంటే వారు అస్తమానూ పిల్లల గురించే మాట్లాడతారనీ, దానివల్ల సమావేశాల సమతూకం దెబ్బతింటుందనీ విశ్రాంత అధికారి గారు ఎంతో దూరదృష్టితో తేల్చారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి వైకల్యాలున్నవారి సంక్షేమం కోసం పార్లమెంటు 1999లో చేసిన నేషనల్ ట్రస్టు చట్టం, దేశం మొత్తానికి ఉన్న తన బోర్డులోనే తల్లిదండ్రుల సంఘాలకు మూడు స్థానాలు కేటాయించింది. పార్లమెంటుకు కొరవడిన దూరదృష్టి మన ఊరివారికి ఉన్నందుకు మనం గర్వపడాలి.

ఇక ట్యూబ్‌లైటు. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. పాతరకం చోకుతో వెలిగే ట్యూబ్‌లైటు ఆ లెక్కన సెకనుకు 100 సార్లు మినుకుతుంది. చోకు పాడైతే గుయ్యిమని మోగుతుంది కూడా. మీకూ నాకూ కాసేపట్లో అది అలవాటైపోతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి అలవాటు కాదు. వెలుతురు, చప్పుడు, స్పర్శ వారికి మనకన్నా మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో అందవచ్చునన్న సంగతిని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ఆటిజం నిర్ధారణ లక్షణాల్లోనే చేర్చింది. ఈ గదిలోకి అడుగు పెట్టగానే ఒక ఆరేళ్ళ పిల్లవాడు రెండు అరచేతులతో చెవులు నొక్కుకుని, నుదురు గోడకు ఆనించి, మోకాళ్ళ మీద కూలబడతాడు. థెరపీకి ఇచ్చే ముప్పావుగంటలో సగం వాణ్ణి ఆ గోడ దగ్గర నుంచి ఇవతలికి తేవడానికే సరిపోతుంది. వాడి తల్లి చీపురుపల్లి అవతల నుంచి బస్సెక్కి వస్తుంది.

ఆ తల్లి మొర మీదనే చోకు విషయం సమావేశానికి వచ్చింది. పత్రికలవాడు ఉంటే ఫొటో పడుతుందని కాబోలు, నన్ను కూడా ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచారు. ఎజెండాలో మొదటి అంశం, కొత్త ముఖద్వారానికి పెట్టబోయే శిలాఫలకం మీద పేర్ల వరుస. ఇచ్చిన విరాళాన్ని బట్టి వేయాలని రైసుమిల్లు యజమాని, వయసును బట్టి వేయాలని విశ్రాంత అధికారి, అకారాది క్రమంలో వేయాలని ఆడిటరు ప్రతిపాదించారు. ఆడిటరు గారి ఇంటిపేరు 'అ'తో మొదలవుతుందని ఎవరో కనిపెట్టారు. అకారాది అంటే ఇంటిపేరా, అసలు పేరా అన్న దాని మీద అరగంట వాదం నడిచింది. మొదలూ చివరా లేకుండా పేర్లను గుండ్రంగా చెక్కిస్తే ఏ గొడవా ఉండదని ఒక మాజీ అధ్యక్షులు సూచించగా అందరూ చప్పట్లు కొట్టారు. గుండ్రంలో అన్నిటికన్నా పైన ఎవరి పేరు ఉంటుందన్న ప్రశ్న రాగానే చప్పట్లు ఆగిపోయాయి. ద్వారానికి ఇరువైపులా రెండు ఫలకాలు పెడదామన్నారు. కుడివైపు అంటే లోపలికి వచ్చేవారి కుడివైపా, బయటికి పోయేవారి కుడివైపా అని అడిగారు. అప్పటికి వేడి వేడి పునుగులు వచ్చాయి గనుక ఆ ప్రశ్న వాయిదా పడింది.

ఆ తల్లి ఇంతసేపూ గుమ్మం దగ్గర నిలబడే ఉంది.

"అధ్యక్షుల వారి అనుమతితో ఇతర అంశాలు" అన్న చోట చోకు వంతు వచ్చింది. ఇది మూలధన వ్యయమా, నిర్వహణ వ్యయమా అని ఆడిటరు గారు నిలదీశారు. మూడు కొటేషన్లు తెప్పించాలని ఒకరన్నారు. చోకు మార్చే బదులు ఎల్‌ఈడీ వేస్తే చోకుతో పనే ఉండదని ఎవరో పొరపాటున తెలివైన మాట అన్నారు గాని, అది విధానపరమైన నిర్ణయం అవుతుంది గనుక సర్వసభ్య సమావేశానికి వెళ్ళాలన్నారు. "మా మిల్లు హోరులో కూలీల పిల్లలు హాయిగా నిద్రపోతారండీ, వీళ్ళకీ అదే అలవాటవుతుంది" అని రైసుమిల్లు యజమాని తన అనుభవసారాన్ని సభకు అందించారు. అప్పుడు ఆ తల్లి, "బాబూ, ఆ చోకేదో మేమే కొని తెచ్చేస్తాం, ఎలక్ట్రీషియన్నీ మేమే తీసుకొస్తాం, వేయించుకోనీండి చాలు" అంది. సభ ఉలిక్కిపడింది. చోకు ఇవ్వడమంటే విరాళం ఇవ్వడమే. విరాళం పుచ్చుకుంటే దాత పేరు శిలాఫలకం మీదకు ఎక్కాలి. ఎక్కితే పేర్ల వరుస మళ్ళీ మొదటికి వస్తుంది. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్న సామెతకు ఇంతకన్నా శ్రద్ధగా తయారుచేసిన ఉదాహరణ నేను చూడలేదు. ఉపసంఘం ఆ విధంగా పుట్టింది.

పాలకవర్గానికి ఏదీ చేతకాదని అనుకోకండి. ఐక్యరాజ్యసమితి 2007లో చేసిన తీర్మానం ప్రకారం ఏప్రిల్ 2ను ప్రపంచమంతటా ఆటిజం అవగాహన దినంగా జరుపుతారు. మన సంస్థ కూడా జరిపింది. షామియానా వేశారు, చెవులు చిల్లులు పడే సౌండ్ బాక్సులు పెట్టారు, అతిథులకు స్వాగతంగా తప్పెటగుళ్ళు ఆడించారు. తప్పెటగుళ్ళు మన ఉత్తరాంధ్ర సొత్తు, గుండెలమీద తప్పెట మోగుతుంటే కాళ్ళ గజ్జెలు దానికి బదులు చెప్పే గొప్ప కళ. సిరిమాను పండగనాడు ఊరంతా వినవలసినదే. చప్పుడు పడని పిల్లలను మొదటి వరుసలో కుర్చీలేసి కూర్చోబెట్టి, వారి పేరనే జరుపుతున్న సభలో దాన్ని మోగించాలన్న ఆలోచన మాత్రం అసామాన్యమైన మెదడుకే తడుతుంది. వందన సమర్పణ కాగానే సుతిలి బాంబులు కూడా కాల్చారు.

ఆ మధ్యలో ఈ తల్లీకొడుకులను వేదిక మీదకు పిలిచి శాలువా కప్పారు. పిల్లవాడు శాలువా లాగి పారేసి, చెవులు మూసుకుని, బల్ల కిందికి దూరి కేకలు పెట్టాడు. మైకు ఇంకా చేతిలోనే ఉన్న మాజీ అధ్యక్షులొకరు, "ఏమ్మా, ఇంట్లో కాస్త పెంపకం నేర్పాలి కదా" అన్నారు. ఆ మాట సౌండ్ బాక్సుల్లో వీధి చివరిదాకా వినిపించింది.

ఇక్కడ నా వ్యంగ్యం అయిపోయింది. తల్లి ప్రేమ చాలకనే పిల్లలకు ఆటిజం వస్తుందని ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే అన్నారు. ఆ నిందను 1964లో ఆధారాలతో కొట్టిపారేసిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ స్వయంగా అటువంటి బిడ్డకు తండ్రి. ఆటిజం అనేక స్థాయుల్లో ఉంటుందని ప్రపంచానికి తెలియజెప్పిన బ్రిటిష్ వైద్యురాలు లోర్నా వింగ్ ఒక తల్లి. 1962లో అక్కడి జాతీయ ఆటిజం సంఘాన్ని స్థాపించినవారిలో ఆమె ఒకరు. 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థను ప్రారంభించిన మెర్రీ బరువా ఒక తల్లి. ఈ విషయంలో ఇవాళ లోకానికి తెలిసినదానిలో పెద్ద భాగం ఇటువంటి తల్లిదండ్రులు నిద్రలు మాని సంపాదించి పెట్టినదే. మన ఊళ్ళో మాత్రం ఆ తల్లి గుమ్మం దగ్గర నిలబడాలి, నోరెత్తకూడదు, పిలిచినప్పుడు వేదికెక్కి శాలువా కప్పించుకోవాలి, పెంపకం గురించి చెప్పించుకోవాలి. బిడ్డ చిన్నవయసులో పోగొట్టుకున్న ఒక్కొక్క నెలనూ మళ్ళీ తెచ్చి ఇవ్వడం ఏ ఉపసంఘం వల్లా కాదు. మీరు జీతం తీసుకోకపోతే ఎవరికి గొప్ప? ఆ కుర్చీ వల్ల మీకు ఊళ్ళో దక్కిన పరపతికి వాడు తన బాల్యంతో వెల కడుతున్నాడు.

ఇంకొకటి. పిల్లలకు 18 ఏళ్ళు నిండితే చట్టం దృష్టిలో తల్లిదండ్రులు వారికి సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం కలెక్టరు, ఒక నమోదిత సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టి సంరక్షకులను నియమించుకోవాలి. ఆ దారి ఉందన్న సంగతైనా తల్లిదండ్రులకు చెప్పి, కాగితాలు పట్టుకుని కలెక్టరేటుకు వెంట వెళ్ళడం ఇటువంటి సంస్థ చేయదగిన మొదటి పని. మేము పోయాక వీడికెవరు అన్న ప్రశ్నతో రోజూ పడుకుని రోజూ లేచేవారికి అదొక్కటే ఊరట. ఈ విషయం పాలకవర్గం ముందుకు ఎప్పుడైనా వచ్చిందా అని కార్యదర్శి గారిని అడిగాను. "అది చాలా సున్నితమైన అంశమండీ" అన్నారు.

కిందటి వారం తల్లిదండ్రులు కొందరు కలిసి, నియమావళి సవరించి పాలకవర్గంలో సగం స్థానాలు తమకు ఇవ్వాలని రాతపూర్వకంగా కోరారు. కార్యదర్శి గారు ఆ వినతిని ఎంతో మర్యాదగా స్వీకరించి, రసీదు ఇచ్చి, వచ్చే సమావేశం ఎజెండాలో చేర్చారు. ఎజెండా నేనూ చూశాను. వందన సమర్పణ ఆరో అంశం, ఇది ఏడోది.