కారన్‌వాలిస్ దొరవారి నియామక నీతి

నిజాయితీపరుడైన పాలకుడు ఎలా ఉండాలో తెలుసుకోగోరే వారు కారన్‌వాలిస్ దొరవారి ఉత్తరాలను తప్పక చదవాలి. 1781లో అమెరికాలోని యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కు సైన్యంతో సహా లొంగిపోయిన ఈ సేనాని, అక్కడ పోయిన పరువును ఇక్కడ రాబట్టుకోవడానికి 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగారు. సిఫారసులు ఆయన వెంటే సముద్రం దాటి వచ్చాయి.

వాటిలో తలమానికం సాక్షాత్తూ ఇంగ్లండు యువరాజు పంపినది. తనకు కావలసిన ట్రీవ్స్ అనే కుర్రవాడికి కాశీలో న్యాయాధికారి పదవి ఇప్పించాలని, ఆ పదవిలో ఎవరో అలీ ఖాన్ అనే నల్లవాడు ఉన్నాడని, అతణ్ణి తప్పిస్తే పని జరిగిపోతుందని యువరాజు సెలవిచ్చారు. ఆ ‘ఎవరో’ అలీ ఇబ్రహీం ఖాన్. ఉర్దూ కవుల చరిత్రను పారసీలో రాసిన పండితుడాయన. నిజం తేల్చడానికి మరిగే నూనెలో చేయి ముంచడం వంటి దివ్యపరీక్షలపై ఆయన రాసిన వ్యాసం ఏషియాటిక్ సొసైటీ పరిశోధనల మొదటి సంపుటంలోనే అచ్చయింది. దొరవారు యువరాజు మాట కాదన్నారు. నల్లవాడే అయినా ఈ దేశంలోని సమర్థులైన, గౌరవనీయులైన ఉద్యోగులలో ఆయన ఒకరని, పైగా ట్రీవ్స్‌కు వయసూ అనుభవమూ రెండూ చాలవని మర్యాదగా జవాబు రాశారు. కాబోయే రాజుగారి పైరవీని తిప్పికొట్టిన ఆ ఉత్తరానికి నేను నిజంగానే చేతులెత్తి మొక్కుతాను. ఇందులో వ్యంగ్యం లేదు.

అదే కాశీలో కంపెనీ ప్రతినిధిగా ఉండే రెసిడెంటు దొర సంగతి కూడా ఆయన ఇంగ్లండుకు రాశారు. జీతం నెలకు 1,000 రూపాయలు. ఏటా ఇంటికి చేరేది దాదాపు 4 లక్షలు, వ్యాపార గుత్తాధిపత్యం దీనికి అదనం. దొరవారు రోగనిర్ణయం చేశారు: పాపం, జీతం చాలకపోవడం వల్ల తెల్లవాడు తింటున్నాడు. మందు కూడా రాశారు: జీతం పెంచడం. కలెక్టర్లకు నెలకు 1,500 రూపాయలతో పాటు వసూళ్ల మీద కమిషను కూడా దక్కింది.

ఇక హిందుస్థానీ ఉద్యోగి దగ్గరికి వచ్చేసరికి నాడి పట్టవలసిన అవసరమే కలగలేదు. ఈ దేశంలో పుట్టిన ప్రతివాడూ లంచగొండేనని దొరవారి దృఢ విశ్వాసం. పుట్టుకతో వచ్చిన రోగానికి జీతం పెంచితే ఖర్చు దండగ కనుక, 1793 నాటికి ఏడాదికి 500 పౌన్లు దాటే పదవులన్నీ దొరల పాలయ్యాయి. ఒకే జబ్బుకు ఒకరికి పథ్యం, మరొకరికి పాడె! మన దత్తమండలంలో ఏళ్ల తరబడి గుడారాలలో గడిపిన కలెక్టరు థామస్ మన్రో మాత్రం, పదవులకు దూరం చేసి చూస్తే ఒకటి రెండు తరాలలో ఇంగ్లీషువాళ్లూ ఇలాగే తయారవుతారని 1824లో రాసిపెట్టాడు. రాయలసీమ ఎండలో అంతకాలం తిరిగితే అటువంటి ఆలోచనలు వస్తాయి మరి.

నీతి విషయంలో ఇంత నిక్కచ్చి మనిషిని 1798లో ఐర్లండుకు పంపారు. అక్కడి పార్లమెంటు తనను తానే రద్దు చేసుకుని దేశాన్ని బ్రిటన్‌లో కలిపేలా ఒప్పించడం పని. 1799లో సభ్యులు ఒప్పుకోలేదు. బిరుదులు, పింఛన్లు, పదవులు చేతులు మారాక 1800లో ఒప్పుకున్నారు. సీటు పోగొట్టుకున్న ఒక్కొక్క పట్టణ నియోజకవర్గానికి 15,000 పౌన్ల చొప్పున పరిహారం లెక్కగట్టి, రసీదులతో సహా, చట్టబద్ధంగా చెల్లించారు కనుక దాన్ని లంచమనడం అన్యాయం. ఈ లోకంలోకెల్లా అవినీతిపరులతో బేరాలాడవలసి వస్తోందని, ఈ మురికి పనికి దిగినందుకు గంటగంటకూ తన మీద తనకే రోత పుడుతోందని, సామ్రాజ్యం నిలవాలన్న ఆలోచన ఒక్కటే తనకు ఊరట అని ఆయన స్నేహితుడికి రాసుకున్నారు. గమనించండి, ఇక్కడ అవినీతి తీసుకునేవాడిది; ఇచ్చేవాడికి మిగిలింది రోత మాత్రమే.

1805లో రెండోసారి గవర్నర్ జనరల్‌గా ఇక్కడికి వచ్చి, కాశీకి దిగువన ఘాజీపూర్‌లో దొరవారు కన్నుమూశారు. గంగ ఒడ్డున ఉన్న ఆ సమాధిని స్థానికులు లాట్ సాహెబ్ మక్బరా అంటారు. లోపలి పాలరాతి మీద ఒక బ్రాహ్మణుడు, ఒక ముసల్మాను తలవంచుకుని దుఃఖిస్తూ నిలబడి ఉంటారు. కారన్‌వాలిస్ సన్నిధిలో దేశీయులకు దక్కిన శాశ్వత కొలువు అది. జీతం 500 పౌన్లు దాటదు కనుక నిబంధనకు భంగమేమీ లేదు.