ముందు కొనండి, అవసరం సంగతి తర్వాత

గేమింగ్ కంప్యూటర్ కొనబోతున్నవాడి ఉత్సాహాన్ని ఒక్క దెబ్బతో చంపేసే ప్రశ్న ఒకటుంది: “ఇంతకీ ఏం గేమ్స్ ఆడతావు?” ఇలా అడిగేవాళ్లకు దూరంగా ఉండాలని పాఠకులకు నా మొదటి మనవి. గేమ్ పేరు చెప్పగానే మానిటర్ ఏదని అడుగుతారు. అది 1080పీ, అంటే మామూలు ఫుల్ హెచ్‌డీ అని తెలియగానే “అయితే నీకు మధ్యరకం గ్రాఫిక్స్ కార్డు సరిపోతుందిలే” అని తేల్చేస్తారు. నిద్ర మానుకుని రివ్యూ వీడియోలు చూసి, కార్డుల వేగం కొలిచిన బెంచ్‌మార్క్ పట్టికలు కంఠతా పట్టింది “సరిపోతుందిలే” అనిపించుకోవడానికా?

సూటిగా చెప్పుకుందాం. ఈ హాబీలో కొనడమే అసలు పని. ఆడటమంటారా, కొన్నది పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి అప్పుడప్పుడూ తప్పని తనిఖీ. ఇది ఒప్పుకుంటే మిగతా సందేహాలు వాటంతటవే తీరిపోతాయి.

గేమ్ బొమ్మలను తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డును ఎప్పుడూ పేరు చూసే కొనాలి. లోపలేముందని ఆరా తీయడం మర్యాద కాదు. 2016లో ఎన్విడియా కంపెనీ జీటీఎక్స్ 1060 కార్డును 6 జీబీ, 3 జీబీ మెమరీలతో రెండు రకాలుగా తెచ్చింది. తేడా మెమరీలోనే కదా అనుకుని చిన్నది కొన్నవాళ్లకు లెక్కలు చేసే కోర్లు కూడా 1280కి బదులు 1152 వచ్చాయి. ఆ ముక్క పేరులో లేదు కాబట్టి వాళ్లకు బాధా లేదు. జీటీ 1030 ముచ్చట ఇంకా గొప్పది. మొదట వచ్చినదాంట్లో వేగమైన జీడీడీఆర్5 మెమరీ, 2018లో వచ్చినదాంట్లో నెమ్మదైన డీడీఆర్4. బ్యాండ్‌విడ్త్, అంటే మెమరీ నుంచి డేటా అందే వేగం, దాదాపు మూడో వంతుకు పడిపోయింది, పేరు మాత్రం చెక్కుచెదరలేదు. 2022లో ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించినప్పుడే జనం గాడి తప్పి కోర్లు లెక్కపెట్టారు: ఒకదాంట్లో 9728, రెండోదాంట్లో 7680. ఆ గోల తట్టుకోలేక కంపెనీ చిన్నదాన్ని అమ్మకానికి రాకముందే వెనక్కి తీసుకుని, 2023 జనవరిలో 4070 టీఐ అని పేరు మార్చి పంపింది. లెక్కలు చూసే కొనుగోలుదారుల వల్ల ఎంత నష్టమో చూడండి. మీరు కూడా డబ్బు కట్టే ముందు మెమరీ సైజుతో సహా సరిగ్గా ఆ మోడల్ బెంచ్‌మార్కే వెతికి చూశారంటే, పెట్టె మీద డ్రాగన్ బొమ్మ వేసిన కళాకారుడి శ్రమంతా వృథా.

మానిటర్ విషయంలో మనవాళ్ల భక్తే వేరు. 165 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 165 సార్లు బొమ్మ మార్చేది తెస్తారు. బల్ల మీద పెట్టి, ప్లాస్టిక్ పొర ఒలిచి, మౌస్‌ను గుండ్రంగా తిప్పుతూ “అబ్బ, ఎంత స్మూత్‌గా ఉందో చూడు” అని ఇంట్లోవాళ్లను పిలుస్తారు. ఇంట్లోవాళ్లూ చూసి ఔనంటారు. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోకి వెళ్లి, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే అక్కడ నింపాదిగా 60 అని ఉంటుంది. మనం చేత్తో మార్చేదాకా చాలా మానిటర్లు ఆ అంకె దగ్గరే కూర్చుంటాయి. దయచేసి అక్కడికి వెళ్లకండి. ఉన్న ఆనందం పోగొట్టుకోవడం ఎందుకు?

ఇంకో మెట్టు పైనున్నవాళ్లూ ఉన్నారు. క్యాబినెట్ వెనక పైభాగంలో యూఎస్‌బీ పోర్టుల పక్కనే హెచ్‌డీఎంఐ పోర్టు కనబడగానే కేబుల్ అందులో దోపేస్తారు. అది మదర్‌బోర్డుది, అంటే భాగాలన్నీ బిగించే పెద్ద పలకది. కొత్త కార్డు పోర్టులు దానికి కింద అడ్డంగా, మూతలు కూడా తియ్యకుండా ఉంటాయి. తెర మీద బొమ్మ వస్తోంది కాబట్టి అనుమానం రాదు. గేమ్ బరువంతా ప్రాసెసర్‌లోని బుల్లి గ్రాఫిక్స్ మోస్తుంటే, “ఫ్యాన్ చప్పుడే లేదు, ఏం కార్డురా బాబూ” అని మురిసిపోతారు. ఇంత నిశ్శబ్దమైన కార్డు మార్కెట్లో ఇంకోటి దొరకదు, నిజమే.

ర్యామ్ గురించి ఎక్కువ చెప్పను. డీడీఆర్5 రకంలో వేగం 6000 అని రాసి ఉన్నది కొనండి. మదర్‌బోర్డు సెట్టింగ్స్ ఉండే బయోస్‌లోకి వెళ్లి, ర్యామ్‌ను రాసినంత వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చెయ్యకపోతే అది సాధారణంగా 4800 దగ్గరే నడుస్తుంది, కానీ పెట్టె మీద 6000 అలాగే ఉంటుంది కదా. రెండు స్టిక్‌లకు బదులు ఒకటే పెద్దది కొంటే రెండు దారుల్లో డేటా నడిపే డ్యూయల్ ఛానెల్ పోతుంది, పోనివ్వండి, రెండోది తర్వాత కొనుక్కునే సాకైనా మిగులుతుంది.

ఇంత ఖర్చయ్యాక ఎక్కడో ఒకచోట పొదుపు చెయ్యాలని అందరికీ అనిపిస్తుంది. దానికి తగిన చోటు పవర్ సప్లై. అది కనబడదు, మెరవదు, దాని వల్ల సెకనుకు ఒక్క ఫ్రేమ్ (ఎఫ్‌పీఎస్) కూడా పెరగదు. పెట్టె మీద 600 వాట్లు అని పెద్ద అక్షరాలుంటాయి. పక్కన ఉండే స్టిక్కర్‌ను మాత్రం చదవకండి. అందులో 12 వోల్టుల గడి కింద 38 ఆంపియర్లు అని ఉందనుకోండి, 12తో గుణిస్తే 456 వాట్లే వస్తాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది దాదాపు ఆ గడి మీదే. మిగతా వాట్లు 5 వోల్టులు, 3.3 వోల్టులు అంటూ ఎవరికీ పెద్దగా అక్కర్లేని లైన్లలో సర్దుకుంటాయి. “80 ప్లస్ గోల్డ్ ఉందండీ” అని ఎవరైనా ధైర్యం చెప్తే నమ్మెయ్యండి. ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుకుంటుందనే. లోపలి కెపాసిటర్లు ఎన్నాళ్లుంటాయో, ఓవర్‌లోడ్ అయితే సప్లై తనంతట తానే ఆగుతుందో లేదో అది చెప్పదు. పదేళ్ల వారంటీ ఇచ్చే సప్లైలూ ఉన్నాయి, కానీ వాటికి రంగు లైట్లు తక్కువ. నాసిరకం సప్లైలో ఒక మంచి గుణం ఉంది: పోయేటప్పుడు ఒంటరిగా పోదు. మదర్‌బోర్డునూ కార్డునూ వెంటబెట్టుకుపోతుంది కాబట్టి అన్నీ మళ్లీ కొనే యోగం పడుతుంది.

గేములు దాచుకునే ఎస్‌ఎస్‌డీలో పాత సాటా రకం సెకనుకు 550 ఎంబీ, తర్వాతి తరాల్లో జెన్ 4 రకం 7000 దాకా, జెన్ 5లో మేలైనవి 14000 దాకా చదువుతాయి. ఈ అంకెలు చూసి గేమ్ లోడింగ్ కూడా పాతిక రెట్లు తగ్గుతుందనుకుంటే పొరపాటు. చాలా గేముల్లో తేడా కొద్ది సెకన్లే. కొండను తవ్వి ఎలుకను పట్టినా, ఆ తవ్విన వేగం ఎంతో స్క్రీన్‌షాట్ తీసి నలుగురికీ పంపుకోవచ్చు. లోకంలో ఎలుక కంటే స్క్రీన్‌షాట్‌కే విలువ.

“ఐదేళ్ల తర్వాత వచ్చే గేముల కోసం ఇప్పుడే కొంటున్నా” అనేవాళ్లంటే నాకు ప్రత్యేక గౌరవం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 2018 సెప్టెంబరులో ఆర్‌టీఎక్స్ 2080 అమ్మకానికి వచ్చిన రోజున, దాని ముఖ్య ఆకర్షణైన రే ట్రేసింగ్‌తో, అంటే వెలుగునీడలను నిజంలా చూపించే పద్ధతితో, ఆడటానికి ఒక్క గేమూ లేదు. అయినా కొన్నారు, వేచి చూశారు. గేములు వచ్చి, నిండుగా రే ట్రేసింగ్ వాడే రోజులొచ్చేసరికి అంతకన్నా మంచి కార్డు అంతకన్నా తక్కువ ధరకు వచ్చింది. ముందుచూపంటే అదే మరి.

గేమింగ్ మీద మోజు లేనివాళ్లు నిరాశపడక్కర్లేదు, వాళ్లకు రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ బోర్డు ఉంది. ఇంట్లో లైట్లన్నీ దాంతో ఆడించాలని కొంటారు. 2023లో వచ్చిన పై 5 పూర్తి శక్తితో నడవాలంటే 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇచ్చే సప్లై అడుగుతుంది. చేతిలో ఉన్న ఫోన్ ఛార్జర్ అంత ఇవ్వదు. దాంతో బోర్డు సొరుగులోకి చేరుతుంది, అక్కడ అంతకుముందు కొన్న పై 4 ఎదురుచూస్తూ ఉంటుంది.

ఒక్కటి మాత్రం మరవకండి: పెట్టెలు, స్పాంజీలు, బిల్లు, ఆఖరికి ఆ చిన్న స్క్రూల పొట్లం కూడా దాచుకోండి. కొత్త మోడల్ రాగానే పాతది అమ్మాలి. కొనేవాడు తెలివైనవాడైతే కార్డును పూర్తి బరువుతో నడిపే స్ట్రెస్ టెస్ట్ అరగంట పెట్టి చూపించమంటాడు, సీరియల్ నంబరుతో వారంటీ చూసుకుంటాడు. చూసుకోనివ్వండి, మనకేం భయం? సెకండ్‌హ్యాండ్ ప్రకటనల్లో ఎవరూ నమ్మని మాట ఒకటుంది, “పెద్దగా వాడలేదండీ” అని. అది మనం రాసినప్పుడు అక్షరాలా నిజం.