పడిపోయిన మనిషికి పంచాయితీ వైద్యం

బస్టాండులో మనిషి పడిపోతే ఏం చేయాలో మనవాళ్లకు ఒకరు నేర్పాలా? ముందు గుండ్రంగా మూగాలి. గాలి ఎంత తక్కువ తగిలితే అంత శ్రద్ధగా చూసినట్టు. తర్వాత అసలు పరీక్ష, "తాగాడా?" దీనిమీద అందరూ ఒక మాటకు వచ్చేదాకా ఎవరూ చెయ్యి వేయకూడదు, తాగినవాడికి గుండె ఆగదని మనం ఎప్పుడో తేల్చేసుకున్నాం కదా. షుగర్ పడిపోయినా మనిషి తూలతాడండీ, మాట ముద్దగా వస్తుందండీ అని వెనకనుంచి ఎవరో సణుగుతారు, పట్టించుకోనక్కర్లేదు.

ఇక వైద్యం. మొహాన నీళ్లు, ఆపైన నోట్లోనూ నీళ్లు. స్పృహ లేనివాడు మింగలేడు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయంటారు డాక్టర్లు, అన్నిటికీ అడ్డం చెప్పడమే వాళ్ల పని. ఈలోగా ఒకాయన తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టేస్తాడు, మూర్ఛో కాదో తర్వాత చూసుకోవచ్చు.

ఫస్ట్ ఎయిడ్ క్లాసుల్లో చెప్పేది వింటే జాలేస్తుంది. చుట్టూ కరెంటు తీగలాంటి ప్రమాదం లేదని చూసుకుని, భుజాలు తట్టి గట్టిగా పిలవాలట. పలక్కపోతే 108కి ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టి, తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తి, ఛాతీ లేస్తోందా లేదా 10 సెకన్లలో తేల్చాలట! మనవాడికి వీడియో కోసం ఫోన్ అడ్డంగా తిప్పుకోవడానికే అంత టైమ్ పడుతుంది. ఆగి ఆగి గురకలా ఎగశ్వాస వస్తే అది ఊపిరి కింద లెక్క కాదు, గుండె ఆగిందనుకుని వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే కనీసం రెండంగుళాలు దిగేలా నొక్కమంటారు. మనం మాత్రం ఆ గురక వినగానే "హమ్మయ్య, నిద్రపోతున్నాడు, లేపకండి" అనేస్తాం. ఊపిరి మామూలుగా ఆడుతూ స్పృహ ఒక్కటే లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలట. మనం లేపి కూర్చోబెడతాం, తల వాలిపోతే ఇంకొకాయన పట్టుకుంటాడు.

ముట్టుకుంటే పోలీసు కేసు అన్న భయం ఒకటి. రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్లకు రక్షణగా 2019లోనే మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. అయితే ఏంటి, ఎప్పుడో స్టేషన్ చుట్టూ తిరిగిన బావమరిది కథ ప్రతి గుంపులోనూ ఒకరి దగ్గర ఉంటుంది, దాని ముందు పార్లమెంటు ఎంత?

చివరికి అంబులెన్స్ వాళ్లొచ్చి పడి ఎంతసేపైంది, ఛాతీ ఎవరైనా నొక్కారా అని అడుగుతారు. కంగారేం లేదు. మన దగ్గర పదకొండు నిమిషాల వీడియో ఉంది, మొదటినుంచీ.