ఆ బూట్ల గురించి ఎవరూ అడగరు

కొరియా పాటల బృందం బీటీఎస్ ‘స్ప్రింగ్ డే’ పాట వీడియో 2017లో వచ్చింది. ఇప్పటికీ దాని ఊసెత్తితే చాలు, ఆ బృందంలో ఎవరు ఎవరి వంక చూశారు, ఎవరికి ఎవరంటే ఎక్కువ ఇష్టం అన్న వాదులాటే. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆ వీడియోలో సముద్రపు ఒడ్డున, బృందంలో ఒకడైన జిమిన్ చేతిలో ఒక జత బూట్లుంటాయి. చివర్లో అవి చెట్టు కొమ్మకు వేలాడతాయి. రంగులరాట్నానికి పసుపు రిబ్బన్లు. 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ ఓడ మునిగి 304 మంది పోయారు. వారిలో ఎక్కువ మంది విహారయాత్రకు బయలుదేరిన బడిపిల్లలు! వాళ్లు తిరిగి రావాలని కొరియా అంతటా కట్టిన రిబ్బన్ల రంగు పసుపే. ఆ పాటకు ఇదొక్కటే అర్థమని నేననను, దూరమైన స్నేహితుల మీద బెంగ కూడా అందులో ఉంది. కానీ ఒక బిడ్డ బాధ మీద ఊరంతా సుఖంగా బతికే కథ ఒకటుంది, ఆ ఊరి పేరు ‘ఒమెలాస్’. ఆ పేరు వీడియోలోని మోటెల్ బోర్డు మీద ఊరికే వెలగదు కదా!

ఇవన్నీ కళ్లెదుటే ఉండగా, వీడియో ఆపి ఆపి రెండు సెకన్ల చూపులో ప్రేమకథ వెతకడానికి మనసెలా వస్తుంది? రిబ్బన్ల సంగతి ఎత్తితే, పాటను పాటలా వినమని మనమీదే కసురుకుంటారు.